టైమింగ్ బెల్టుతో పాటు ఇంకేం మార్పించాలి?

డీజిల్ కారు లక్ష కిలోమీటర్లకు దగ్గరపడింది, టైమింగ్ బెల్టు మార్చాలన్నారు. తీరా ఎస్టిమేటు చూస్తే బెల్టు ఒక్కటే లేదు. టెన్షనర్, ఐడ్లర్, వాటర్ పంపు, ఆయిల్ సీళ్లు, కూలెంట్ అంటూ జాబితా కిందికి సాగింది. బిల్లు పెంచడానికే రాశారేమోనన్న అనుమానం సహజం. కొన్నిచోట్ల అది నిజం కూడా. అలాగని అన్నీ కొట్టేయిస్తే ఇంజనుకే ముప్పు రావచ్చు. ఏది ఉంచాలో, ఏది తీసేయాలో బండి షెడ్డులో పెట్టకముందే ఇలా తేల్చుకోండి.

1. ముందు మాన్యువల్ తీయండి

మీ ఇంజనుకు ఉన్నది బెల్టా, చైనా? రెనో డస్టర్, మహీంద్రా వెరిటో డీజిళ్లలో వాడిన 1.5 లీటర్ల కె9కె ఇంజనుకు బెల్టు ఉంటుంది. స్విఫ్ట్ డీజిల్‌లో వచ్చిన 1.3 లీటర్ల మల్టీజెట్‌కు చైను. బెల్టులా చైనుకు మార్పు గడువు ఉండదు, శబ్దం వస్తేనో సాగితేనో చూస్తారు. మీది బెల్టు అయితే సర్వీసు పట్టికలో గడువు కిలోమీటర్లలోనూ, ఏళ్లలోనూ ఉంటుంది. రెంటిలో ఏది ముందొస్తే అదే లెక్క. బండి తిరగకుండా ఇంటి ముందే ఉన్నా రబ్బరుకు వయసు మీదపడుతుంది.

ఈ గడువును తేలిగ్గా తీసుకోకండి. కింద క్రాంకు, పైన క్యాము ఒక తాళంలో తిరిగేలా చూసేది ఆ బెల్టే. డీజిల్ ఇంజన్లలో అది తెగితే పిస్టన్లు పైకొచ్చి, తెరుచుకుని ఉన్న వాల్వులను కొడతాయి. వాల్వులు వంగుతాయి, హెడ్డు దించాలి. బెల్టు ఖర్చుకు ఎన్నో రెట్లు పడుతుంది.

2. కవరు వెనక ఏమేం ఉన్నాయో అడగండి

బెల్టును బిగువుగా పట్టి ఉంచేది టెన్షనర్, దారి మళ్లించేది ఐడ్లర్. చాలా ఇంజన్లలో వాటర్ పంపును తిప్పేదీ ఈ బెల్టే, కె9కె అలాంటిదే. ఇంకొన్నింటిలో పంపు బయటి బెల్టుతో తిరుగుతుంది. అందుకని మెకానిక్‌ను సూటిగా అడగండి: “రేపు పంపు ఒక్కటే మార్చాల్సి వస్తే టైమింగ్ కవరు మళ్లీ విప్పాలా?”

3. ఒక్కో భాగానికీ రెండు ప్రశ్నలు

దీన్ని తర్వాత మార్చాలంటే ఇప్పుడు విప్పినవన్నీ మళ్లీ విప్పాలా? ఇది చెడిపోతే కొత్త బెల్టు కూడా పాడవుతుందా? రెండింటికీ అవునంటే ఇప్పుడే మార్పించండి. రెండింటికీ కాదంటే చెడినప్పుడే చూసుకోవచ్చు. భాగం ధర ఎంతన్నది ఆ తర్వాతి సంగతి.

టెన్షనర్, ఐడ్లర్ల విషయంలో బేరమే వద్దు. లోపలి బేరింగు పట్టేస్తే కొత్త బెల్టు కూడా తెగుతుంది, లేదా పళ్లు జారుతుంది. పాతదాన్ని చేతిలోకి తీసుకుని వేలితో తిప్పి చూడండి. గరగర తగిలినా, అడ్డే లేనట్టు చాలాసేపు గిరగిరా తిరిగినా గ్రీజు అయిపోయిందనే అర్థం. బాగున్నది నిదానంగా, కాస్త బరువుగా తిరిగి ఆగిపోతుంది. అలా బాగున్నా సరే, మరో లక్ష కిలోమీటర్లు దాన్ని నమ్మి తిరగలేం.

అసలు తర్జనభర్జన వాటర్ పంపు దగ్గరే. పంపు ఇరుసు కింద చిన్న రంధ్రం ఉంటుంది. లోపలి సీలు అరిగితే కూలెంట్ చుక్కచుక్కగా అక్కడి నుంచే బయటికొస్తుంది. వేడికి ఆరిపోయి, కూలెంట్ రంగులోనో తెల్లగానో పొక్కు కడుతుంది. అలాంటి మరక కనిపించినా, పుల్లీ పట్టుకుని ఊపితే కదలిక తెలిసినా ఆలోచించక్కర్లేదు. ఏమీ కనిపించకపోతే లెక్క వేసుకోండి. ఉదాహరణకు లేబరు 6,000, పంపు 3,000 రూపాయలు అనుకుందాం. ఇప్పుడే వేయిస్తే అదనంగా పడేది పంపు ధర, కొద్దిపాటి కూలి, కొత్త కూలెంట్. వదిలేస్తే, ఏడాది తిరిగేలోపు పంపు కారిందంటే ఆ 3,000కు మళ్లీ 6,000 లేబరు తోడవుతుంది. కూలెంట్‌లో తడిసిన బెల్టును తిరిగి వాడకూడదు కాబట్టి ఇంకో బెల్టు కూడా కొనాలి. టైమింగ్ బెల్టుతో తిరిగే పంపైతే మార్పించమనే నా సలహా.

క్రాంకు, క్యాము ఆయిల్ సీళ్ల చుట్టూ తడి ఉంటే మార్చాల్సిందే, నూనె తగిలితే బెల్టు రబ్బరు పాడవుతుంది. పొడిగా ఉన్నా, బండి బాగా పాతదైతే వేయించండి, వాటి ధర తక్కువే. కంపెనీ ఒకసారికే వాడమన్న బోల్టులను మాత్రం తిరిగి బిగించనివ్వకండి. బయటి ఆల్టర్నేటర్ బెల్టు ఎలాగూ ఊడదీస్తారు. పగుళ్లు లేకపోతే అదే వేసుకోవచ్చు.

4. సంబంధం లేనివి కొట్టేయండి

ఇంజెక్టర్ల క్లీనింగ్, ఇంజన్ ఫ్లష్, ఏసీ సర్వీసు, బ్రేకు ప్యాడ్లు. అవసరమైతే చేయించండి గానీ, “ఎలాగూ విప్పాం కదా” అన్న మాట వీటికి వర్తించదు. ఇవేవీ ఆ కవరు వెనక ఉండవు.

5. ఎస్టిమేటు విడివిడిగా రాయించండి

సామాను ఒక వరుసలో, లేబరు ఇంకో వరుసలో ఉండాలి. బెల్టుకూ పంపుకూ రెండు పూర్తి లేబర్లు వేశారంటే ఒప్పుకోకండి. గేట్స్, ఎస్‌కెఎఫ్, ఐఎన్‌ఏ, డేకో వంటి కంపెనీలు బెల్టు, టెన్షనర్, ఐడ్లర్లు కలిపి ఒకే పెట్టెలో అమ్ముతాయి. కొన్నింటిలో పంపు కూడా ఉంటుంది. విడిగా కొనేదానికీ కిట్టుకీ ధర పోల్చుకోండి. నకిలీలు ఎక్కువ కాబట్టి బిల్లు ఉన్న దుకాణంలోనే కొని, పెట్టె మీ ఎదుటే తెరిపించండి. పాత భాగాలు అడిగి తీసుకోండి.

సెకండ్‌హ్యాండ్ కారు కొన్నారు, పాత రికార్డు లేదు అనుకోండి. గడువు దాటిందనే భావించి పూర్తి సెట్టు వేయించండి.

6. స్టార్ట్ చేసే ముందు, ఆ తర్వాత

బెల్టు వేశాక క్రాంకును పానాతో, చేతితోనే రెండు పూర్తి చుట్లు తిప్పి గుర్తులు సరిగ్గా కలిశాయో చూడాలి. అంతవరకూ తాళం తిప్పకూడదు. మంచి మెకానిక్ మీరు చెప్పకపోయినా ఇది చేస్తాడు, మీరు పక్కన నిలబడి చూడండి. తేదీ, కిలోమీటర్లు చీటీ మీద రాసి ఇంజన్ గదిలో అంటించమనండి. మొదటి వారం రోజూ పొద్దున, ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు కూలెంట్ ట్యాంకు మీది గీతలు చూడండి. మట్టం దిగుతుంటే అదే రోజు షెడ్డుకు తీసుకెళ్లండి. వేడి మీద మాత్రం రేడియేటర్ మూత తీయకండి.