ఇంటిదాకా వచ్చే తీగ ఎవరిది?

ప్రశ్న: బ్రాడ్‌బ్యాండ్ వచ్చాక అమెరికాలో చిన్న ఇంటర్నెట్ సంస్థలు ఎందుకు కనుమరుగయ్యాయి? మిగిలినవాటికి భవిష్యత్తు ఉందా?

జవాబు: డయలప్ రోజుల్లో ఫోన్ లైను అందరికీ తెరిచిన దారి. కొన్ని మోడెములు, ఒక సర్వరు ఉంటే ఊళ్లోనే ఇంటర్నెట్ వ్యాపారం పెట్టుకోగలిగేవారు. బ్రాడ్‌బ్యాండ్‌తో దారి కేబుల్, టెలిఫోన్ కంపెనీల చేతిలోకి పోయింది. కేబుల్ కంపెనీలు తమ తీగల మీద ఇతరులకు చోటివ్వనక్కర్లేదన్న టెలికాం నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ వైఖరిని 2005 జూన్‌లో సుప్రీంకోర్టు 6-3 తేడాతో సమర్థించింది. ఆ కేసులో ఓడిన బ్రాండ్ ఎక్స్ కాలిఫోర్నియాలోని చిన్న ప్రొవైడర్. అదే ఏడాది ఆగస్టులో ఫోన్ లైన్ల మీద నడిచే డీఎస్‌ఎల్‌కూ అదే సడలింపు దక్కింది. ఇది చిన్నవాళ్లకు జరిగిన అన్యాయమే.

అయినా ఆశ ఉంది. 1994లో డయలప్‌తో మొదలైన కాలిఫోర్నియా సంస్థ సోనిక్, సొంత ఫైబర్ వేసుకుని నిలబడింది. ఇప్పుడు 10 గిగాబిట్ల వేగం అందిస్తోంది.

చిన్న సంస్థ దగ్గర కనెక్షన్ తీసుకునేముందు తీగ వాళ్లదేనా, అద్దెదా అని తప్పక అడగండి.