చిలుక ఎక్కడ?

శ్రీకాళహస్తి స్వర్ణముఖి నది ఒడ్డున ఉన్న ఊరు. గుడికి పేరున్న ఊరు. కలంకారీకి కూడా పేరున్న ఊరు.

కలంకారీ అంటే కలంతో గుడ్డ మీద బొమ్మలు వేసే పని. ఈ కలం మనం రాసే పెన్ను కాదు. మొన చెక్కిన వెదురు పుల్ల. దానికి గుడ్డ పేలిక చుట్టి దారంతో కడతారు. పేలిక రంగును పీల్చుకుంటుంది. వేళ్ళతో నొక్కితే రంగు మొనకు దిగుతుంది.

ఒకప్పుడు ఈ పని సన్నగిల్లింది. 1950ల చివరలో కమలాదేవి చట్టోపాధ్యాయ గారి చొరవతో ఇక్కడ శిక్షణ మొదలయింది. పని మళ్ళీ నిలబడింది. ఇప్పుడు ఆడవాళ్ళు కూడా ఎంతోమంది ఈ పని చేస్తున్నారు.

అలాంటి ఒక ఇంటి చిన్నకోడలి కథ ఇది.

చిన్నకోడలు గుడ్డల మీద రంగు నింపుతుంది. బొమ్మ గీసేది వేరేవాళ్ళు. గీసినవాళ్ళకు కూలి ఎక్కువ. నింపినవాళ్ళకు తక్కువ. "నేనూ గీయడం నేర్చుకోవాల" అని ఆమె కోరిక.

ఒకరోజు ఆమె ఒక గుడ్డ నింపింది. చెట్టు, ఆకులు, కొమ్మ మీద చిలుక. ఆకులకు ఆకుపచ్చ వేసింది. చిలుకకూ అదే ఆకుపచ్చ వేసింది. పని ఇచ్చినాయన గుడ్డ పట్టుకుని చూశాడు.

"చిలుక ఎక్కడమ్మా?" అన్నాడు. కూలిలో సగం కోసేశాడు.

చిన్నకోడలు ఏడుపు మొహంతో ఇంటికి వచ్చింది.

"చిలుక పచ్చగా కాక నల్లగా ఉంటుందా అత్తా? నా తప్పేముంది?" అంది.

"రంగు తప్పు కాదులే. ఎక్కడో ఏదో తప్పింది. ఆడవాళ్ళకు బొమ్మల తరగతి పెట్టినారంట గదా. పోయి అడుగు. పిల్లోణ్ణి నేను చూసుకుంటా" అంది అత్త.

తరగతిలో

చిన్నకోడలు గుడ్డ తీసుకుని తరగతికి పోయింది. టీచరమ్మ గుడ్డను గోడకు తగిలించింది. అందరినీ దూరంగా నిలబడమంది.

"కళ్ళు సగం మూసి చూడండి. ఏం కనిపిస్తోంది?"

"చెట్టు కనిపిస్తోంది. చిలుక కనిపించలేదు" అన్నారు అందరూ.

"చూశారా! రంగు ఒంటరిగా ఉండదు. పక్కన ఏ రంగు ఉందో దాన్ని బట్టి అది కనిపిస్తుంది. ఆకు పక్కన అదే రంగు పెడితే చిలుక దాక్కుంటుంది. అడవిలో చిలుక అట్లానే దాక్కుంటుంది గదా" అంది టీచరమ్మ.

అందరూ నవ్వారు. చిన్నకోడలు కూడా నవ్వింది.

మూడు రంగులు, ఆరు రంగులు

టీచరమ్మ మూడు గిన్నెల్లో మూడు రంగులు పెట్టింది. ఎరుపు, పసుపు, నీలం. ఇవి మొదటి రంగులు.  వీటిని రెండేసి కలిపితే ఇంకో మూడు వస్తాయి.

ఎరుపు, పసుపు కలిస్తే నారింజ.
పసుపు, నీలం కలిస్తే ఆకుపచ్చ.
ఎరుపు, నీలం కలిస్తే ఊదా.

"మూడూ కలిపితే?" అని అడిగింది ఒకామె. కలిపి చూసింది. బురద రంగు వచ్చింది. ప్రతి రంగూ కొంత వెలుతురును మింగుతుంది. ఎన్ని ఎక్కువ కలిపితే అంత వెలుతురు పోతుంది. అందుకే మసకబారుతుంది.

కలంకారీ వాళ్ళు ఆకుపచ్చను ఇట్లానే తెస్తారు. నీలం మీద పసుపు పూస్తారు. చిన్నకోడలు రోజూ చేసే పనే అది. కానీ ఎందుకు అట్లా వస్తుందో ఆమెకు ఆరోజు తెలిసింది.

మన మాటల్లో "పచ్చ" అంటే రెండు రంగులు. పసుపూ పచ్చే, ఆకూ పచ్చే. పని ఒప్పుకునేటప్పుడు "పసుపు పచ్చా? ఆకుపచ్చా?" అని అడగాలి.

కలయిక వేరు, మార్పు వేరు

పసుపులో సున్నం కలిపితే పారాణి ఎర్రగా వస్తుంది. సున్నం తెల్లగా ఉంటుంది గదా, ఎరుపు ఎట్లా వచ్చింది? ఇది రంగుల కలయిక కాదు. పసుపే మారిపోయింది.

కలంకారీలో నలుపు కూడా ఇట్లానే వస్తుంది. ముందు గుడ్డను కరక్కాయ రసం, బర్రెపాలలో నానబెడతారు. పాల వల్ల రంగు గీత దాటి పాకదు. ఇనుప ముక్కలు, బెల్లం నీళ్ళలో వేసి రోజుల తరబడి పులియబెడతారు. ఆ నీటిని కసిమి అంటారు. కసిమితో గీత గీస్తే, గుడ్డలోని కరక్కాయ రసంతో కలిసి నల్లగా మారుతుంది. ఆ నలుపును చెరపలేం. అందుకే గీసే ముందే ఆలోచించాలి.

ఎదురెదురు రంగులు

ఎరుపుకు ఎదురు ఆకుపచ్చ. నీలానికి ఎదురు నారింజ. పసుపుకు ఎదురు ఊదా. ఎదురు రంగులు పక్కపక్కన పెడితే రెండూ మెరుస్తాయి. చిలుకనే చూడండి. ఆకుపచ్చ ఒళ్ళు, ఎర్ర ముక్కు. ఆకుపచ్చ చీరకు ఎర్ర అంచు ఎందుకు నప్పుతుందో ఇప్పుడు తెలిసింది గదా!

లేత, ముదురు కూడా చూడాలి. ముదురు రంగు పక్కన లేత రంగు పెడితే బొమ్మ తేలుతుంది. రెండూ ఒకే ముదురు అయితే బొమ్మ కలిసిపోతుంది.

ముగ్గు నేర్పిన చదువు

"మాకు గీయడం రాదు" అన్నారు కొందరు.

"ముగ్గు వేయడం రాదా?" అంది టీచరమ్మ. ముగ్గులో చుక్కలు ఉన్నాయి. గీతలు ఉన్నాయి. ఈ పక్క ఎంతో ఆ పక్కా అంతే ఉంటుంది. అది తూకం. మధ్యలో వాకిలి నేల కనిపిస్తుంది. అది ఖాళీ. ఖాళీ వదిలితేనే బొమ్మకు ఊపిరి. గుడ్డంతా నింపేస్తే కన్నుకు నిలిచే చోటు ఉండదు.

చిన్నకోడలు ఆ నెలంతా తరగతికి పోయింది. తర్వాత ఒక చిన్న గుడ్డ మీద తనే బొమ్మ గీసింది. చిలుక వెనక ఖాళీ వదిలింది. దూరపు ఆకులకు ముదురు నీలం వేసింది. చిలుకకు లేత ఆకుపచ్చ, ముక్కుకు ఎరుపు.

గుడ్డను దండెం మీద ఆరేసింది. అత్త వీధి గడప దగ్గర నుంచే చూసింది.

"చిలుక బాగుందే!" అంది.

పని ఇచ్చినాయన కూడా చూశాడు. ఈసారి చిలుక ఎక్కడని అడగలేదు.

"నింపే కూలి కాదన్నా. గీసిన కూలి కూడా లెక్క కట్టు" అంది చిన్నకోడలు.

గుర్తుంచుకోండి

మొదటి రంగులు మూడు. పక్క రంగును బట్టి రంగు కనిపిస్తుంది. బొమ్మకు తూకం ఉండాలి, ఖాళీ ఉండాలి.

చేసి చూడండి

ఒకే ఎర్ర గుడ్డ నుంచి రెండు ముక్కలు తీయండి. ఒకటి ఆకుపచ్చ చీర మీద పెట్టండి. ఇంకొకటి నారింజ చీర మీద పెట్టండి. పది అడుగుల దూరం నుంచి, కళ్ళు సగం మూసి చూడండి. ఏ ముక్క బాగా కనిపించింది?

జవాబులు రాయండి

1. చిన్నకోడలు వేసిన మొదటి చిలుక ఎందుకు కనిపించలేదు?
2. నీలం, పసుపు కలిస్తే ఏ రంగు వస్తుంది?
3. గుడ్డను పాలలో ఎందుకు నానబెడతారు?

మాట్లాడుకోండి

మీ ఊళ్ళో ఆడవాళ్ళు చేసే పనుల్లో కూలి ఎక్కువ వచ్చేవి ఏవి? అవి నేర్చుకోవాలంటే ఏం చేయాలి?