ఇండక్షన్ పొయ్యి కొనమంటారా?

ప్రశ్న: మేం నలుగురం. గ్యాస్ మానేసి ఇండక్షన్ పొయ్యి కొందామనుకుంటున్నాం. లాభమేనా?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: ముందు ఫ్రిజ్ మీది అయస్కాంతం బిళ్ల తీసి మీ గిన్నెల అడుగున పెట్టి చూడండమ్మా. గట్టిగా అతుక్కుంటేనే పనికొస్తాయి. అల్యూమినియం, ఇత్తడి, మట్టి పాత్రలు మామూలు ఇండక్షన్ పొయ్యి మీద వేడెక్కవు. కుక్కర్ అల్యూమినియందైతే ఇండక్షన్ బేస్ ఉండాల్సిందే. అడుగు చదునుగా ఉన్న పాత ఇనుప పెనం మాత్రం భేషుగ్గా పనిచేస్తుంది. వేడి మెల్లగా పెంచండి. లేదంటే దోసె మధ్యలో మాడుతుంది, అంచులు పచ్చిగా మిగులుతాయి. పచ్చడికి వంకాయ కాల్చడం కుదరదు. నాకైతే అదే పెద్ద లోటు!

ఇక ఖర్చు. 14.2 కిలోల సిలిండర్‌తో అయ్యే వంటకు సుమారు 130–140 యూనిట్ల కరెంటు పడుతుందని నా అంచనా. వాటిని మీ బిల్లులోని పై శ్లాబు రేటుతో గుణించి సిలిండర్ ధరతో పోల్చండి. సగటు రేటు తీసుకుంటే లెక్క తప్పుతుంది.

2000 వాట్ల పొయ్యికి 16 ఆంపియర్ల సాకెట్ కావాలి, ఎక్స్‌టెన్షన్ బోర్డు వద్దు. ఇంట్లో పేస్‌మేకర్ ఉన్నవారుంటే డాక్టర్ని అడిగాకే కొనండి.

కరెంటు పోతే వంట ఆగుతుంది కాబట్టి గ్యాస్ వదులుకోకండి. ఒంటి పొయ్యి కొని పాలు, అన్నం, పప్పు దాని మీదికి మార్చండి, చాలు.