కొత్త నులిపురుగుకు పేరు పెట్టాలంటే

సముద్రపు బురదలో కొత్త జాతి నులిపురుగు కంటబడటం వింతేమీ కాదు. చదరపు మీటరు అడుగుమట్టిలో ఇవి పది లక్షలకు మించి కూడా ఉండగలవు. వాటిలో పేర్లు పెట్టించుకున్న జాతులు మాత్రం కొన్ని వేలే. కష్టమంతా దొరికినది పాత జాతి కాదని రుజువు చేయడంలోనే ఉంది. మిరప, టమాటా వేళ్లకు బుడిపెలు తెచ్చే నులిపురుగులకు ఇవి దూరపు బంధువులు. అయితే ఎవరి పంటా పాడుచేయవు. బాక్టీరియానో, సూక్ష్మమైన నాచునో, తోటి పురుగులనో తిని బతుకుతాయి. పొడవు ఎక్కువగా ఒకటి రెండు మిల్లీమీటర్లు, మందం వెంట్రుకంతో, అంతకన్నా తక్కువో.

మట్టి తీయడానికి ముక్కు కోసేసిన ప్లాస్టిక్ సిరంజి చాలు. సముద్రం వెనక్కి తగ్గినప్పుడు బురదలో నిలువుగా గుచ్చి, పై ఐదు సెంటీమీటర్ల మట్టిని చెదరకుండా తీయాలి. అక్కడే దాన్ని రెండు వాటాలు చేయాలి. ఆకారం చూడటానికి ఉంచేది 4 శాతం ఫార్మలిన్‌లోకి, డీఎన్ఏ కోసం ఉంచేది డీఎంఎస్ఓ, ఈడీటీఏ, ఉప్పు కలిపిన ద్రావణంలోకి. మొత్తం ఫార్మలిన్‌లో పోస్తే పురుగు చక్కగా నిలుస్తుంది గానీ డీఎన్ఏ ఆశ వదులుకోవాల్సిందే.

ప్రయోగశాలలో మొదటి పని జల్లెడ. 500 మైక్రాన్ల జల్లెడ గవ్వముక్కల్ని, పెద్ద జీవుల్ని ఆపుతుంది. కిందనున్న 45 లేదా 32 మైక్రాన్ల జల్లెడలో మనకు కావలసినవి మిగులుతాయి. ఆ మిగిలిన దాంట్లోనూ ఇసుకే ఎక్కువ. బియ్యంలో రాళ్లు గాలించినట్టు దీన్నీ గాలించాలి. కాకపోతే నీళ్లకు బదులు లుడాక్స్ అనే సిలికా ద్రావణం వాడతారు. దాని సాంద్రత 1.18కి సరిచేసి సెంట్రిఫ్యూజ్‌లో తిప్పితే ఇసుక అడుక్కి పోతుంది, పురుగులు పైకి తేలుతాయి. అంతకుముందే మట్టిని మంచినీళ్లతో బాగా కడగాలి. ఉప్పు మిగిలితే లుడాక్స్ జిగురులా గడ్డకట్టి కూర్చుంటుంది. ఒక్కసారి తిప్పి వదిలేయకుండా మూడుసార్లు చేయడం మేలు.

తేలిన వాటిని సన్నని సూదితోనో, పుల్లకు అంటించిన కనురెప్ప వెంట్రుకతోనో ఒక్కొక్కటిగా ఏరాలి. తర్వాత తొందర పనికిరాని మెట్టు వస్తుంది. పురుగు ఒంట్లోని నీటి స్థానంలోకి గ్లిజరిన్ ఎక్కాలి. 1959లో సైన్‌హార్స్ట్ ప్రచురించిన పద్ధతే నేటికీ చాలాచోట్ల నడుస్తోంది. ఆల్కహాలులో కొద్దిగా గ్లిజరిన్ కలిపి అందులో పురుగును ఉంచి, ఆల్కహాలును మెల్లగా ఆవిరి కానిస్తారు. వేడి పెంచి తొందరపెడితే పురుగు నలిగి, లోపలి అవయవాలు ముద్దవుతాయి. స్లైడు మీద మైనపు వలయం వేసి, మధ్యలో గ్లిజరిన్ బొట్టులో పురుగును పెట్టి, పక్కన దాని మందానికి సరిపడే గాజుపూసలు ఉంచాలి. పూసలు లేకపోతే పైగాజు బరువుకు పురుగు చదునవుతుంది. అప్పుడు కొలిచిన వెడల్పును నమ్మలేం.

ఇక మైక్రోస్కోపు. నూనెబొట్టు వేసి వందరెట్ల కటకం కింద ముందు తల చూడాలి. ఉదాహరణకు బురదనేలల్లో తరచూ దొరికే సబాటియేరియా అనే ప్రజాతిని తీసుకుందాం. తలకు నాలుగు పొడవాటి నూగులు, పక్కన చుట్టలు చుట్టుకున్న యాంఫిడ్ అనే రసాయనాలను పసిగట్టే జ్ఞానేంద్రియం, చిన్న గిన్నెలాంటి నోరు, చర్మం మీద చుక్కల వరుసలు. ఇంతవరకు చూస్తే ప్రజాతి తేలుతుంది, జాతి తేలదు. జాతి సంగతి చాలాసార్లు మగపురుగు తోక దగ్గరే తేలుతుంది. సంగమానికి వాడే రెండు వంపు ముళ్ల పొడవెంత, వాటికి ఆధారమైన భాగం ఎటు వంగింది, ముందువైపు వరుసగా ఉన్న చిన్న గ్రంథి రంధ్రాలు ఎన్ని? పిల్లపురుగులు ఎన్ని దొరికినా ఇక్కడ అక్కరకు రావు. ఆడవాటిలో అండాశయాలు ఒకటా రెండా, యోనిద్వారం ఎక్కడుంది అన్నది రాసుకోవాలి.

కొలతలకు డచ్ శాస్త్రవేత్త డి మాన్ పెట్టిన నిష్పత్తులే ఇప్పటికీ వాడుక. పొడవును వెడల్పుతో, గ్రసని పొడవుతో, తోక పొడవుతో విడివిడిగా భాగిస్తారు. 2000 మైక్రాన్ల పొడవు, 50 మైక్రాన్ల వెడల్పు ఉంటే మొదటి నిష్పత్తి 40. ఒక్క పురుగును కొలిచి ఊరుకోకూడదు. ఒకే జాతిలో ఎంత తేడా ఉంటుందో తెలియకుండా తేడా ఉందని ఎలా చెబుతాం? ఫొటోలు ఎన్ని ఉన్నా చేత్తో బొమ్మ గీయాల్సిందే. వేర్వేరు లోతుల్లో కనిపించే భాగాలను ఒకేచోట చూపగలిగేది బొమ్మే.

అసలు వేట ఇక పాత కాగితాల్లో. ప్లాట్, వార్విక్ అనే శాస్త్రవేత్తల బొమ్మల సూచికలు ప్రజాతి దాకా తీసుకెళ్తాయి. సబాటియేరియాకైతే ప్లాట్ 1985లో చేసిన పునఃపరిశీలన ఉంది. నెమిస్ అనే నులిపురుగుల డేటాబేసులో ఆ ప్రజాతి జాతులన్నీ చూసి, ఒక్కోదాని మూలవర్ణన తెచ్చుకుని పట్టికలో పక్కపక్కన పెట్టాలి. జర్మన్, ఫ్రెంచ్ పత్రాలూ తప్పవు. బంగాళాఖాతం పురుగైతే రిచర్డ్ టిమ్ 1961 నాటి పత్రం చూడకుండా కదలకూడదు. ఆయన ఢాకా నోట్రడామ్ కాలేజీలో పనిచేసిన అమెరికన్ క్రైస్తవ గురువు. 1987లో రామన్ మెగసెసే అవార్డు అందుకున్నదీ ఆయనే. వాల్తేరు తీరపు ఇసుకరేణువుల సందుల్లో బతికే జీవుల మీద 1960లలో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి చెందిన గణపతి, చంద్రశేఖరరావు చేసిన పని కూడా చేతిలో ఉండాలి.

డీఎన్ఏ తోడు ఉంటే మంచిదే. హాలోమోన్‌హిస్టెరా డిస్‌జంక్టా అని ఒకే పేరుతో పిలిచినవి జన్యువులు చదివాక పలు జాతులుగా తేలాయి. అయితే పోల్చడానికి డేటాబేసులో బంధువుల వరుసలు ఉండాలి. సముద్రపు నులిపురుగుల విషయంలో అవి ఇంకా పలచగానే ఉన్నాయి. అందుకే ఆకారం ఆధారం కూడా చేతిలో ఉండేలా, డీఎన్ఏ తీసే ముందే పురుగు ఫొటోలు, వీడియో తీసి పెట్టుకుంటారు. తీశాక పురుగు మిగలదు మరి.

అన్నీ కుదిరితే అప్పుడు పేరు. ఊరి పేరో, లక్షణమో, గౌరవించదలచిన వ్యక్తి పేరో పెట్టొచ్చు. విశేషణమైతే ప్రజాతి పేరు లింగానికి తగ్గట్టు ముగియాలి. మంచి మగపురుగునొకదాన్ని హోలోటైపుగా, అంటే పేరుకు ఆధారమైన నమూనాగా, మిగతావాటిని పారాటైపులుగా, అంటే తోడు నమూనాలుగా ప్రకటించాలి. పత్రం ఆన్‌లైన్‌లోనే వస్తుంటే జంతువుల పేర్ల రిజిస్టరైన జూబ్యాంకులో నమోదు తప్పనిసరి. మన దేశంలో దొరికినదైతే 2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం, కొత్త జాతి సంగతిని ప్రభుత్వం గుర్తించిన భాండాగారానికి తెలిపి నమూనాలు అప్పగించాలి. జంతువులకైతే అలాంటి వాటిలో ఒకటి కోల్‌కతాలోని జువలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా. పారాటైపులు కొన్నింటిని వేరే మ్యూజియంలో కూడా ఉంచడం మంచిది. స్లైడు పగిలినా, మైనం వదిలి గ్లిజరిన్ కారిపోయినా, తర్వాత సందేహం వచ్చినవాళ్లకు చూసుకోవడానికి పురుగంటూ ఒకటి ఉండాలి.