ప్రొద్దుటి గిన్నె రాత్రే సిద్ధం – ఎవరి వంతు వారికి



తెల్లవారుజామున మన గ్రామాలలో ముందుగా దీపం వెలిగేది పాడి ఉన్న ఇంట్లోనే. పేడ తీయాలి, కుడితి పెట్టాలి, పొదుగు కడగాలి, పాలు పితకాలి, కేంద్రం మూసే వేళ లోపల పాలు పోసి రావాలి. ఆ వెంటనే గడ్డికి బయలుదేరాలి. ఈ పనుల నడుమ పిల్లలకు బడి వేళ అవుతుంది. పొయ్యి ఇంకా ఖాళీగానే ఉంటుంది. పిల్లలు టీలో రెండు బిస్కెట్లు ముంచుకు తిని బడికి పోతారు. ఇంటి ఇల్లాలు పది, పదకొండు గంటలకు గాని ఏమీ నోట పెట్టుకోదు. ఊరికి పాలు పోసే ఇంట్లో ప్రొద్దుటి పూట పాల చుక్క లేకపోవడం ఎంత విచారకరం!

ఇది పేదరికం వల్ల మాత్రమే జరగడం లేదు. పాలు పితికే వేళ, పలహారం వండే వేళ ఒకటే కావడం వల్ల జరుగుతున్నది. మొదటి దానిని మార్చలేము. రెండవ దానిని మార్చవచ్చు. ప్రొద్దుటి పలహారం పనిని రాత్రికి జరుపుకొంటే చాలు. ఆ విధానమే ఈ నెల పాఠం.

1. ధాన్యం, పాలు, పండు

ఈ మూడూ కలిస్తే మంచి పలహారం అవుతుందని అన్ని దేశాలవారూ ఎరుగుదురు. పాశ్చాత్య దేశాలలో ఓట్సు గింజలను పాలతో, పండ్ల ముక్కలతో కలిపి ముందురోజే కాల్చి, ముక్కలుగా కోసి ఉంచుకొంటారు. మనకు ఓట్సూ అక్కరలేదు, కాల్చే పెట్టె అంతకన్నా అక్కరలేదు. మన పెద్దలు తిన్న చద్దన్నం ఉన్నది. రాత్రి అన్నంలో పాలు పోసి తోడు పెడితే, ప్రొద్దునకు తోడుకొని సిద్ధంగా ఉంటుంది. దానికి ఒక పండు చేర్చడం, ఎవరి గిన్నె వారికి విడిగా పెట్టడం – క్రొత్తగా నేర్చుకోవలసినవి ఈ రెండే.

200 మి.లీ. పాలలో సుమారు 6 నుంచి 7 గ్రాముల మాంసకృత్తులు, 240 మిల్లీగ్రాముల వరకు కాల్షియం ఉంటాయి. వట్టి అన్నంలో కాల్షియం దాదాపు లేనట్లే. పాలు తోడుకొన్నప్పుడు పాలలోని చక్కెర కొంత ఆమ్లంగా మారుతుంది. కాబట్టి పాలు త్రాగితే కడుపు ఉబ్బరించేవారికి కూడా ఇది తేలికగా అరుగుతుంది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ప్రకటించిన ఆహార మార్గదర్శకాల ప్రకారం పెద్దలకు రోజుకు సుమారు 300 మి.లీ. పాలు లేదా పెరుగు అవసరం. అందులో మూడింట రెండు వంతులు ఈ ఒక్క గిన్నెలోనే వస్తాయి.

2. అయిదుగురికి కొలతలు

సాయంత్రం పాలు – 1 లీటరు
బియ్యం – ఒకటిన్నర గ్లాసు (సుమారు 250 గ్రాములు)
మంచి పెరుగు – రెండున్నర చెంచాలు (గిన్నెకు అర చెంచా)
ఎండు ద్రాక్ష – గిన్నెకు అయిదారు (ఉంటేనే)
పండు – గిన్నెకు ఒక అరటిపండు, లేదా ఆ కాలంలో దొరికేది

పాడి తగ్గిన రోజులలో అర లీటరు పాలకు అర లీటరు కాచి చల్లార్చిన నీరు కలిపినా తోడుకొంటుంది, కాస్త పలుచగా ఉంటుంది, అంతే. కేంద్రానికి పోసే పాలలో నీరు కలపడం తప్పు గాని, మన ఇంటి గిన్నెలో కలుపుకొంటే అడిగేవారు లేరు!

3. చేసే విధానం

పాలు పొంగు వచ్చిన తరువాత మంట తగ్గించి, గరిటెతో కలుపుతూ మరి మూడు నాలుగు నిమిషాలు కాయాలి. పచ్చిపాలు ఎన్నడూ తోడు పెట్టరాదు. పశువుకు ఈచుకుపోయే జబ్బు గాని, క్షయ గాని ఉంటే పచ్చిపాల ద్వారా అది మనుషులకు సోకుతుంది. కాచిన పాలు వేలు పెడితే ఓర్చుకొనేటంత గోరువెచ్చగా అయ్యేవరకు ఆరనివ్వాలి.

అన్నం అప్పుడే వండినదై ఉండాలి. మధ్యాహ్నం మిగిలి, గంటల తరబడి గదిలో ఉన్న అన్నం వాడరాదు. అందులో పెరిగిన సూక్ష్మజీవులు విడిచే విషం మళ్లీ వేడి చేసినా పోదు. అన్నం మెత్తగా వండి, గరిటెతో కొద్దిగా మెదిపి, అయిదు గిన్నెలకు సమంగా పంచాలి. ఒక్కొక్క గిన్నెలో ఒక గ్లాసు గోరువెచ్చని పాలు పోసి, అర చెంచా పెరుగు వేసి బాగా కలపాలి. ఎండు ద్రాక్ష ఉంటే అప్పుడే వేయాలి, తెల్లవారేసరికి ఉబ్బి తియ్యగా ఉంటాయి. మూతలు పెట్టి కదలని చోట ఉంచాలి. రాత్రి తొమ్మిదింటికి పెడితే తెల్లవారి అయిదింటికి సిద్ధం.

స్టీలు గిన్నెలు, మట్టి ముంతలు మంచివి. కళాయి లేని ఇత్తడి, రాగి పాత్రలలోను, అల్యూమినియం గిన్నెలలోను పులుపు పదార్థం నిలవ ఉంచరాదు.

చలికాలంలో గిన్నెలను వరిగడ్డిలో గాని, ఆర్పిన పొయ్యి ప్రక్కన గాని ఉంచాలి. ఎండాకాలంలో తోడు తగ్గించి, పడుకోబోయే ముందు పెట్టాలి. లేకుంటే పుల్లబడిపోతుంది. ఫ్రిజ్ ఉన్నవారు తోడుకొన్న తరువాతనే అందులో పెట్టాలి. అలా పెడితే మరుసటి రోజుకు కూడా ఉంటుంది. ఫ్రిజ్ లేని ఇంట్లో ప్రొద్దుటి గిన్నె ప్రొద్దున్నే ముగించాలి.

4. పండు ఎప్పుడు వేయాలి?

పండు ముక్కలు రాత్రి వేయరాదు. అరటిపండు నల్లబడుతుంది, మామిడి నీరు విడిచి పులుస్తుంది. అనాస, బొప్పాయి పాలను విరిచి చేదు చేస్తాయి. తినబోయే ముందు కోసి వేయడానికి రెండు నిమిషాలు చాలు, పిల్లలే వేసుకోగలరు. దానిమ్మ గింజలను మాత్రం రాత్రే ఒలిచి ఉంచుకోవచ్చు.

కొని తేవలసిన పని లేదు. గోదావరి జిల్లాలవారికి అరటి, నూజివీడు వైపువారికి వేసవిలో మామిడి, అనంతపురంవారికి దానిమ్మ, నల్లగొండవారికి బత్తాయి, పాలమూరువారికి సీతాఫలం. పెరటి జామ అందరికీ ఉన్నది. జామలో విటమిన్ 'సి' మెండు. అది ఆహారంలోని ఇనుమును ఒంటికి పట్టిస్తుంది. పెద్దలు పండు వద్దనుకొంటే ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ ఉండనే ఉన్నవి.

5. పులుపు గిట్టనివారికి రాగి మాల్టు

కిలో రాగులు కడిగి ఒక రాత్రి నానబెట్టాలి. నీరు వంపి, తడి గుడ్డలో మూట కట్టి ఒక రోజు ఉంచితే మొలకలు వస్తాయి. ఎండలో బాగా ఎండబెట్టి, దోరగా వేయించి, అరచేతులతో నలిపి మొలకలు చెరిగివేసి పిండి పట్టించాలి. 100 గ్రాముల రాగులలో 300 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది. మొలకెత్తించినందువల్ల జావ చిక్కబడిపోదు, కాబట్టి అదే గ్లాసులో ఎక్కువ పిండి పడుతుంది.

మనిషికి రెండు పెద్ద చెంచాల పిండి చల్లటి నీటిలో ఉండలు లేకుండా కలిపి, మరిగే నీటిలో పోసి అయిదారు నిమిషాలు ఉడికించాలి. కాచిన పాలు, కొద్దిగా బెల్లం కలిపి, పండు ముక్కలతో ఇవ్వాలి. మనిషికి 20 గ్రాముల చొప్పున కిలో పిండి అయిదుగురికి పది రోజులు వస్తుంది. తడి తగలని డబ్బాలో దాచాలి.

6. గిన్నె తోడుకోకపోతే

పాలు మరీ వేడిగా ఉండగా తోడు వేస్తే తోడులోని మేలు చేసే సూక్ష్మజీవులు చస్తాయి. మరీ చల్లారితే అవి పని చేయవు. తోడు పాతబడినా అంతే. ఈ మూడూ సరిగా ఉండి కూడా పాలు తోడుకోకపోతే ఒక విషయం విచారించాలి. ఆ పశువుకు పొదుగువాపుకో, మరొక జబ్బుకో ఈ మధ్య సూదిమందు వేయించారా? పొదుగులోకి మందు ఎక్కించారా? ఆ మందు పాలలోకి దిగి తోడును పని చేయనివ్వదు. పశువైద్యులు చెప్పినన్ని రోజులు ఆ పాలు కేంద్రానికీ పోయరాదు, ఇంట్లోనూ వాడరాదు. తోడుకొన్నంత మాత్రాన మందు లేదని కూడా అనుకోరాదు. చెప్పిన గడువు తప్పక పాటించాలి.

7. జాగ్రత్తలు

ఆరు నెలలు నిండని బిడ్డకు తల్లిపాలు తప్ప మరేమీ పెట్టరాదు. ఏడాది నిండేవరకు తల్లిపాలకు బదులుగా ఆవు, గేదె పాలు ముఖ్యమైన పానీయంగా పట్టరాదు. మధుమేహం ఉన్న పెద్దలకు బెల్లం వద్దు, అన్నం తగ్గించాలి, లేదా కొర్ర అన్నంతో తోడు పెట్టాలి. తిన్న వెంటనే టీ త్రాగితే ఇనుము ఒంటికి సరిగా పట్టదు, గంట ఆగి త్రాగడం మేలు.

8. ఎవరి గిన్నె వారిదే

ఒకే గిన్నెలో పెడితే ఏమవుతుందో మనకు తెలుసు. ముందు మగవారు, తరువాత మగపిల్లలు, ఆ తరువాత ఆడపిల్లలు తింటారు. అడుగున మిగిలినది కోడలికి. ఒక్కోనాడు అదీ మిగలదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండింటిలోనూ 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో సగానికి మించి రక్తహీనత ఉన్నట్లు తేలింది. పాలలో ఇనుము చాలా తక్కువ, కాబట్టి పాలగిన్నె ఒక్కటే దీనికి మందు కాదు. ఆకుకూరలు, పప్పులు, జామ వంటి పండ్లు, ఆరోగ్య కేంద్రంలో ఇచ్చే ఇనుము మాత్రలు కూడా కావాలి. అయినా పశువును సాకి, పాలు పితికే మనిషి పరగడుపున పదకొండు గంటలదాకా పని చేయడం న్యాయం కాదు.

అందుకే రాత్రే అయిదు గిన్నెలు. ప్రతి గిన్నెకు ఒక గుర్తు. పాలు పితికి వచ్చిన ఇల్లాలు తన గిన్నె తాను తిని మరీ గడ్డికి పోవాలి. ఆ గిన్నె మరొకరు ముట్టరాదు. ఈ కట్టుబాటు అత్తగారే పెడితే ఇంట్లో చక్కగా నిలుస్తుంది.

9. లెక్క చూసుకొందాం

రోజుకు లీటరు అంటే నెలకు 30 లీటర్లు. మీ పాస్‌బుక్కులో సగటు ధర ఎంత పడుతున్నదో చూసి గుణించండి. అది చిన్న మొత్తం కాదు. ఇప్పుడు రెండవ ప్రక్కన నెలకు బిస్కెట్లకు, హోటలు ఇడ్లీలకు పెట్టే ఖర్చు వ్రాయండి. తేడా ఎంతో మీకే తెలుస్తుంది. మిగిలే తేడా నష్టం కాదు, పిల్లల ఎముకలలో పెట్టిన పొదుపు. దూడకు వదలకుండా పాలన్నీ పిండుకొంటే దూడ ఎదగదని మనకు తెలుసు. మన పిల్లల విషయంలోనూ అంతే.

సంఘ సమావేశంలో చర్చించుకోవడానికి ప్రశ్నలు

1. మన సంఘ సభ్యుల ఇళ్లలో పిల్లలు ప్రొద్దున ఏమి తిని బడికి పోతున్నారు?
2. నిన్న మీ ఇంట్లో అందరికంటే ఆలస్యంగా తిన్నది ఎవరు? ఎన్ని గంటలకు?
3. పండు ముక్కలు రాత్రి ఎందుకు వేయరాదు?
4. మందు వేసిన పశువు పాలు ఎన్ని రోజులు ఆపాలో ఎవరిని అడగాలి?
5. అయిదుగురికి బదులు ఎనిమిది మంది ఉంటే పాలు, బియ్యం ఎంత కావాలి?

సంఘ కార్యదర్శులు ఈ పాఠాన్ని కేంద్రం దగ్గర పాలు పోసే వేళ చదివి వినిపించాలని కోరుతున్నాము. సభ్యులు ఈ రాత్రే ప్రారంభించవచ్చు. సాయంత్రం పాలు కేంద్రానికి కొలిచే ముందే ఇంటికి ఒక లీటరు కొలిచి ప్రక్కన పెట్టండి. మిగిలినది సంఘానికి పోయండి.