పగడపు గోడలోని వాకిళ్లు

భూగోళపటమును ముందుంచుకొని పసిఫిక్ మహాసముద్రపు నడుమ, భూమధ్యరేఖకు కొంత దక్షిణముగా వ్రేలుంచి చూడుడు. అచ్చట ఇసుక చల్లినట్లు కొన్ని చుక్కలు కానవచ్చును. అవియే ఫ్రెంచి పాలినీషియా ద్వీపములు. పాలినీషియా యనగా గ్రీకు భాషలో పెక్కు దీవులని యర్థము. ఈ దీవులు నూటికి పైబడి యున్నవి. వీని నేలనంతయు ఒకచోట కూర్చినను ఇంచుమించు నాలుగువేల చదరపు కిలోమీటర్లు మాత్రమే యగును. కాని వీనికి చెందిన సముద్రము దాదాపు 48 లక్షల చదరపు కిలోమీటర్లు. మన భారతదేశపు నేలకంటె అది దాదాపు ఒకటిన్నర రెట్లు పెద్దది. అందుచేత అచ్చటివారికి నీరే దారి, నేల మజిలీ.

ఈ దీవుల నడుమ తిరుగుటకే కట్టబడిన యోడ యొకటి కలదు. దానిపేరు పాల్ గోగాన్. 1891లో టహీతి ద్వీపమునకు వచ్చి, అచ్చటి జనులను చిత్రించి, 1903లో మార్క్వెసస్ దీవులలో మరణించిన ఫ్రెంచి చిత్రకారుని పేరది. ఓడను ఫ్రాన్సు దేశమున సాన్ నజేర్ రేవులో 1997లో కట్టిరి. పొడవు సుమారు 156 మీటర్లు. ప్రయాణీకులు మూడువందల ముప్పదిమంది. వారికి సేవచేయు సిబ్బంది రెండువందలకు పైగా నుందురు. మెత్తని పరుపులు, సముద్రమువైపు తెరచుకొను వసారాలు, మూడుపూటల విందులు మొదలగువానిని ఇచ్చట వర్ణింపబోము. ధనము వెచ్చించినచో అవి యే మహానగరమందైనను దొరకును. ఆ యోడ టికెట్టు సామాన్యులకు అందనిదను మాటను మాత్రము దాచరాదు.

దాని విశేషము వేరొకటి. అది నీటిలో మునుగు లోతు అయిదు మీటర్లకు కొంచెము ఎక్కువ. వేలకొలది జనులను మోయు మహానౌకలు ఎనిమిది, తొమ్మిది మీటర్లు మునుగును. ఈ మూడు నాలుగు మీటర్ల భేదమేమంత గొప్పదని మీరడుగవచ్చును. అది తెలియుటకు ఈ ద్వీపములెట్లు పుట్టినవో తెలియవలెను.

1835వ సంవత్సరము నవంబరు మాసమున చార్లెస్ డార్విన్ అను ఇరువదియారేండ్ల యువకుడు బీగిల్ అను ఓడలో టహీతికి వచ్చెను. ఒకనాడు కొండయెక్కి ఎదుటనున్న మూరియా ద్వీపమును చూచెను. నడుమ నిటారైన కొండలు. వాని చుట్టును నిశ్చలమైన నీరు. ఆ నీటిచుట్టును తెల్లని నురుగుగీత. కొండ చిత్రమువలెను, నురుగు చట్రమువలెను అతనికి తోచెను. ఆ నురుగు క్రింద నున్నది పగడపు గోడ. పగడపు జీవులు సూదిమొనయంతటి ప్రాణులు మొదలు వ్రేలియంతటి ప్రాణులవరకు కలవు. అవి సముద్రజలమునుండి సున్నమును గ్రహించి తమ చుట్టును గట్టి యిండ్లు కట్టుకొనును. ఒక తరము చచ్చిన పిదప దాని యింటిమీద మరియొక తరము ఇల్లు కట్టును. ఎండ సోకనిచోట అవి పెరుగవు. కావున నీటిమట్టమునకు దగ్గరగానే యుండవలెను.

అగ్నిపర్వతమువలన పుట్టిన ద్వీపము లక్షలకొలది సంవత్సరములలో మెల్లమెల్లగా క్రుంగిపోవును. కొండ క్రుంగినకొలదిని పగడపు జీవులు పైపైకి కట్టుకొనుచు పోవును. కడకు కొండ పూర్తిగా మునిగిపోయి, చుట్టునున్న పగడపు వలయము మాత్రమే మిగులును. దానిని అటోల్ అందురు. ఈ సిద్ధాంతమును డార్విన్ 1842లో గ్రంథముగా ప్రకటించెను. నిదర్శనము నూటపదేండ్లకుగాని దొరకలేదు. 1952లో మార్షల్ దీవులలోని ఎనివెటోక్ అటోల్‌ను తొలిచినప్పుడు పన్నెండువందల మీటర్లకు పైగా పగడపు సున్నపురాయియే తగిలినది. దాని యడుగున అగ్నిపర్వతశిల బయటపడినది.

గోడకును తీరమునకును నడుమ నున్న నిశ్చలజలమును లగూన్ అందురు. బయట ఎంత తుపాను చెలరేగినను దానిలో పిల్లలు ఈదులాడుచుందురు. ద్వీపవాసికి అది పెరడు, గాదె కూడను. చేప, ఆలుచిప్ప, పీత అన్నియు అందులోనివే.

ఇక గోడకు వాకిలి యెక్కడిది? కొండవాగులు సముద్రములో పడుచోట మంచినీరును, బురదయు కలియును. పగడపు జీవులకు అవి గిట్టవు. కావున లోయకు ఎదురుగా తరచుగా గోడలో సందు మిగిలిపోవును. కొండ తాగుటకు నీరిచ్చుటయే కాక, పడవకు దారియు నిచ్చినదన్నమాట. మహానౌకలు ఆ వాకిళ్లలో పెక్కింటి యెదుట ఆగిపోవలసినదే. చిన్న ఓడ లోపలికి పోగలదు.

పాపీటే రేవునుండి మూరియా పదునేడు కిలోమీటర్లే. ఓడ గోడను సమీపించునప్పుడు ప్రయాణీకులందరు పై తట్టునకు చేరుదురు. ఇరువైపుల అలలు విరిగి పడుచుండును. నడుమ మాత్రము ముదురు నీలిరంగు బాటవంటి నీరు. లోతు తగ్గినకొలదిని ఆ నీలము ఆకుపచ్చయై, పిదప చిలుకపచ్చయై, తుదకు తేనెరంగగును. నేటి నావికునికి యంత్రములున్నవి. అయినను నీటిరంగు చదువలేనివాడు ఈ వాకిళ్లలో నమ్మదగినవాడు కాడు. ఆ ద్వీపమున జంటగా రెండు అఖాతములు కలవు. అందొకటి కెప్టెన్ కుక్ పేర ప్రసిద్ధము. వింతయేమన, కుక్కు 1777లో లంగరు వేసినది దానిలో కాదు, ప్రక్కనున్న ఓపునోహు అఖాతములో.

కుక్కును తలచిన పిదప తుపాయాను తలపకుండుట న్యాయము కాదు. ఆతడు రైయాతేయా ద్వీపవాసి; అర్చకుడు, నావికుడు. ఆ ద్వీపతీరమున తపుతపుఆతేయా అను రాతి తిన్నెల దేవస్థలము కలదు. దాని కెదురుగా గోడలో నున్న వాకిలికి పవిత్రద్వారమని పేరు. దూరద్వీపములనుండి వచ్చు పడవలు ఆ వాకిటనే ప్రవేశించి ఆ స్థలమునకు చేరెడివి. 2017లో యునెస్కో దానిని ప్రపంచవారసత్వ సంపదగా గుర్తించినది. తుపాయా 1769లో కుక్కుతో కూడ ఎండెవర్ ఓడ నెక్కెను. తనకు తెలిసిన దీవులనన్నిటిని ఒక పటముగా వ్రాయించెను. అందు డెబ్బదికి పైగా దీవులు కలవు. నెలలకొలది ప్రయాణము చేసినపిదప గూడ టహీతి ఏ దిక్కున నున్నదో ఎప్పుడడిగినను వ్రేలితో చూపెడివాడట. తిరిగి తన ద్వీపమును చూచుట మాత్రము ఆతనికి ప్రాప్తింపలేదు. 1770లో బటేవియాలో జ్వరముపాలై మరణించెను.

నక్షత్రములను, అలల పోకడను, పక్షుల రాకను చూచి ఓడ నడుపు ఆ విద్య అంతరించినదని చాలమంది నమ్మిరి. 1976లో హవాయి ద్వీపవాసులు తాము కట్టిన హోకులేయా అను జోడుపడవలో, సతవాల్ ద్వీపపు నావికుడైన మావు పియైలుగ్ సాయమున, దిక్సూచియైనను లేక టహీతికి వచ్చిరి. ప్రయాణమునకు ఒక నెలకు పైగా పట్టినది. పాపీటే రేవున వేలాది జనులు వారికెదురేగిరి. నేడు ప్రయాణీకుడు చల్లని గదిలో నిద్రించుచు ఒక్క రాత్రిలో దాటుచున్న నీరు అట్టివారు మేలుకొని దాటిన నీరు.

తాహా ద్వీపమున ఓడనుండి వెలువడు సువాసన వనిల్లా కాయలది కాదు; వంటశాలది. అసలైన దానికి తోటలకు పోవలెను. ఆ తీగ మెక్సికో దేశపుది. దానికి పరాగము చేరవేయు పురుగులిచ్చట లేవు. పువ్వు ఒక్క పూటయే విచ్చియుండును. కావున తోటవారు తెల్లవారగనే ప్రతి పువ్వును పుల్లతో తెరచి చేతితో జతపరతురు. ఈ యుపాయమును 1841లో హిందూ మహాసముద్రములోని రీయూనియన్ ద్వీపమున పండ్రెండేండ్ల బానిస బాలుడు కనిపెట్టెను. ఆతని పేరు ఎడ్మండ్ ఆల్బియస్.

బోరాబోరా యందు 727 మీటర్ల ఒతేమాను శిఖరమును చూచినవారెవరును దాని పేరు మరువరు. కాని ఆ ద్వీపపు గోడకు పెద్దవాకిలి యొక్కటే. ఆ వాకిట మహానౌకలును పట్టును. చిక్కంతయు నిచ్చట వచ్చినది. ద్వీపమున జనము సుమారు పదివేలు. ఒక్కనాడే వేలమంది దిగినచో దారులు, పడవలు, తాగునీరు, చెత్తకుప్పలు అన్నియు ద్వీపవాసులకు భారమగును. వందల పడవలు ఒక్క లగూన్‌లో తిరిగినచో పగడము విరుగును. లంగరు పడినచోట నూరేండ్ల గోడ నిమిషములో పొడియగును. ఓడలు రానిచో పడవవానికి కూలి లేదు. మితిమీరి వచ్చినచో జాలరికి చేప లేదు. ఈ తగవు ఏ ఒక్కరిది కాదు, ఒకే కుటుంబములో అన్నకును తమ్మునకును నడుమనే యుండవచ్చును. తుదకు 2022 నుండి దినమునకు 1200 మందికి మించి ఓడ ప్రయాణీకులు ఆ ద్వీపమున దిగరాదని కట్టడి చేసిరి. ఇది వారికి క్రొత్త ఆలోచన కాదు. లగూన్‌లో ఒక భాగమున కొంతకాలము చేపలు పట్టరాదని పెద్దలు నిషేధించు ఆచారము పూర్వమునుండియు కలదు. దానిని రాహుయి అందురు. ఇటీవల కొన్ని దీవులలో దానిని మరల పాటించుచున్నారు.

అయితే గోడకు ప్రమాదము ఓడలవలన మాత్రమే కాదు. సముద్రజలము వేడెక్కినప్పుడు పగడము తనలో నివసించు రంగుల నాచును వెలివేసి తెల్లబారును. వేడి తగ్గనిచో చచ్చును. 2019లో మూరియా చుట్టును ఇట్లే జరిగెను. ఆ వేడిని ఆపు కట్టడి యేదియు ద్వీపవాసుల చేతిలో లేదు.

తూర్పునకు పోయినచో తువామోతు దీవులు. అచ్చటి రంగిరోవా డార్విన్ చెప్పిన అటోల్. కొండ లేదు, వాగు లేదు. తాగుటకు వాననీరే దిక్కు. నేల సముద్రముకంటె కొన్ని మీటర్లే యెత్తు. లగూన్ మాత్రము టహీతి ద్వీపమంతయు మునుగునంత పెద్దది. అలలు గోడ దాటి లోపల పోయు నీరంతయు కొద్దివాకిళ్లనుండియే బయటికి రావలెను. అందుచే తిపుతా వాకిట ప్రవాహము నదివలె పరుగెత్తును. ఆ సుడులలో డాల్ఫిన్లు ఎగిరెగిరి ఆడుచుండును. ఓడ సరియైన వేళకొరకు బయట వేచియుండును. ఈ తువామోతు దీవులలోనే ఏ యాత్రానౌకయు పోని మురురోవా యున్నది. 1966 మొదలు 1996 వరకు ఫ్రాన్సు అచ్చటను, ప్రక్కనున్న ఫంగతౌఫాలోను 193 అణ్వస్త్రపరీక్షలు జరిపినది.

పాపీటేకు తిరిగి వచ్చిన యాత్రికులు మెడలో పూలదండలతో దిగుదురు. టియారే అను ఆ తెల్లని పువ్వు మన గంధరాజమునకు దగ్గరి చుట్టము. రేవునకు ఆవలివైపున అరనుయీ అను వేరొక ఓడ సరకు నింపుకొనుచుండును. అది సగము విలాసనౌక, సగము సరకుల ఓడ. ముందుభాగమున క్రేనులు బియ్యము, సిమెంటు ఎత్తుచుండును. వెనుకభాగమున యాత్రికులు కాఫీ త్రాగుచుందురు. మార్క్వెసస్ దీవులకు అదియే అంగడి, అదియే బండి. అది చేరు దినమున అచ్చటివారు ఎండుకొబ్బరి మూటలతో రేవునకు వత్తురు.