వృద్ధుల గృహమును పరీక్షించు విధము

చదువవలసిన భాగములు: లూకా 10:30–37, మార్కు 7:9–13, 1 తిమోతి 5:4–8.



ఈ మాసపు పాఠము మనము బయటికి చెప్పుకొనుటకు సిగ్గుపడు సంగతిని గూర్చినది. మన గ్రామములలో వృద్ధులు మాత్రమే మిగిలియున్న ఇండ్లు ఎన్నియో కలవు. కుమారుడు హైదరాబాదులోనో గల్ఫులోనో ఉన్నాడు. కుమార్తె అత్తవారింట ఉన్నది. ఇక్కడ తల్లికి మతి తప్పుచున్నది. పొయ్యిమీద పాలు పెట్టి మరచుచున్నది. అర్ధరాత్రి గడియ తీసికొని వీధిలోనికి పోవుచున్నది. కన్నకొడుకును చూచి "నీవెవరవు బాబూ?" అని అడుగుచున్నది.

గత సంవత్సరము రేపల్లె ప్రాంతపు సహోదరుడొకడు నా యొద్దకు వచ్చి, తల దించుకొని, "అయ్యగారూ, అమ్మను హోములో చేర్పించిన పాపమగునా?" అని అడిగెను. నేను వెంటనే జవాబియ్యలేదు. "ఏ హోము? నీవు వెళ్లి చూచితివా?" అని అడిగితిని. "ఫోనులో ఫొటోలు పంపినారండి, బాగున్నది" అనెను. అప్పుడు మేమిద్దరము కలిసి లూకా సువార్త తెరచితిమి.

సమరయుడు గాయపడినవానిని తన యింటికి తీసికొనిపోలేదు. పూటకూళ్లవాని యింట ఉంచెను. అయినను ప్రభువు అతనిని తప్పుపట్టక, మనకు మాదిరిగా చూపెను. ఏలయనగా అతడు మూడు పనులు చేసెను. మొదట, ఆ రాత్రి తానే దగ్గరనుండి పరామర్శించెను. పిమ్మట రెండు దేనారములు, అనగా కూలివాని రెండు దినముల జీతము, ఇచ్చెను. కడపట, తాను తిరిగి వచ్చి మిగిలినది తీర్చెదనని చెప్పెను. వీడు మరల వచ్చి చూచునని పూటకూళ్లవాడు ఎరిగియుండెను. ఈ మూడును చేసినవాడు మనిషిని విడిచిపెట్టినవాడు కాడు, అప్పగించినవాడు. విడిచిపెట్టుట వేరు, అప్పగించుట వేరు. ఈ పాఠమంతయు ఈ భేదముమీదనే ఉన్నది.

మార్కు 7వ అధ్యాయములో కొందరు కొర్బాను అను మాట చెప్పి తలిదండ్రుల బాధ్యత తప్పించుకొనిరి. "నెలనెలా డబ్బు పంపుచున్నాము గదా" అని ఎన్నడును వెళ్లి చూడకుండుటయు ఈ దినపు కొర్బానే.

ముందుగా వైద్యుని చూడుడి

మరపు అంతయు ఒకే జబ్బు కాదు. బి12 విటమిను తక్కువైనను, థైరాయిడు లోపమున్నను, మనస్సు మిక్కిలి క్రుంగినను, కొన్ని మందులవలనను మతి మందగించును. వీటికి చికిత్స కలదు. ఒకటి రెండు దినములలోనే హఠాత్తుగా మాట తారుమారైనయెడల అది మూత్రపు ఇన్ఫెక్షనో, ఒంటిలో నీరు తగ్గుటయో కావచ్చును. ఆలస్యము చేయరాదు. గుంటూరు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రికి గాని మంగళగిరి ఎయిమ్సుకు గాని తీసికొనిపోయి పరీక్ష చేయించుడి.

నిజముగా డిమెన్షియా అయినయెడల, అది దయ్యము కాదు, శాపమును కాదు. మెదడుకు వచ్చు జబ్బు. ఇందులో ముఖ్యమైనదానిని 1906లో జర్మనీ వైద్యుడు ఆలోయిస్ ఆల్జీమర్ వివరించెను. 2023లో ప్రకటింపబడిన ఒక పరిశోధన ప్రకారము మన దేశములో 60 ఏండ్లు దాటినవారిలో నూటికి 7 మందికి పైగా, అనగా సుమారు 88 లక్షలమంది, ఈ జబ్బుతో ఉన్నారు. కావున ఏ కుటుంబమును దీనిని దాచుకొని సిగ్గుపడనక్కరలేదు.

మేము చూచిన రెండు గృహములు

ఆ సహోదరునితో నేనును వెళ్లితిని. మొదటి గృహమునకు గొప్ప కమాను, అద్దాల తలుపులు, మెరయు నేల ఉండెను. మేనేజరు టీ ఇప్పించి గదులు చూపెను. మంచము పట్టినవారి గదిని చూపుమనగా, "ఇప్పుడు కడుగుచున్నారు" అనెను. నాలుగు దినముల తరువాత చెప్పకుండ సాయంకాలము వెళ్లితిమి. ఒక అవ్వ పాత చీరపేలికతో కుర్చీకి కట్టబడియుండెను. "పడిపోవునని కట్టితిమి" అనిరి. తక్కినవారు దీపములు పెట్టకమునుపే మాత్రలు మ్రింగి మత్తుగా పడియుండిరి.

రెండవది పాత పెంకుటిల్లు. గోడకు సున్నము కూడ సరిగా లేదు. మధ్యాహ్నము చెప్పకుండ వెళ్లితిమి. ఒక ఆయా వృద్ధుని ప్రక్కన కూర్చుండి, అన్నము మెత్తగా కలిపి, "ఇంకొక ముద్ద మాస్టారూ" అని నిదానముగా తినిపించుచుండెను. ఆయన బడిపంతులని ఆమె ఎరుగును. అక్కడి పెద్దమ్మ ఫీజు మాట ఎత్తకమునుపే, "మీ అమ్మగారు రాత్రివేళ దేనికి భయపడుదురు?" అని అడిగెను. సహోదరుడు కొంతసేపు మౌనముగా ఉండి, 1977 నవంబరు 19 నాటి ఉప్పెనలో తన అన్న పోయిన సంగతి చెప్పెను. గాలి వీచిన రాత్రులలో తల్లి లేచి ఆ బిడ్డను పేరుపెట్టి పిలుచును. పెద్దమ్మ దానిని పుస్తకములో వ్రాసికొని, "గాలివాన రాత్రి ఒకరు ఆమె ప్రక్కన పండుకొందురు" అనెను.

పరీక్షింపవలసిన సంగతులు

ఒకటి: చెప్పకుండ వెళ్లుడి. భోజనవేళ ఒకసారి, ప్రొద్దుగూకువేళ ఒకసారి చూడుడి. ఈ జబ్బుగలవారిలో అనేకులకు కలత సాయంకాలమందే హెచ్చగును. ఆ గడియలో సేవకుల ఓర్పు తెలియును.

రెండు: మాటలాడలేనివానిని చూడుడి. చక్కగా మాటలాడు వృద్ధుని ఎవరైనను చక్కగా చూతురు, ఏలయనగా అతడు మీకు చెప్పగలడు. చెప్పలేనివాని గోళ్లు, ఎండిన పెదవులు, పక్కబట్టలు చూడుడి. మంచము పట్టినవారిని సుమారు రెండు గంటలకొకసారి ప్రక్కకు త్రిప్పవలెను. లేనియెడల నడుముకును మడమలకును పడకపుండ్లు వచ్చును. తినిపించునప్పుడు కూర్చుండబెట్టవలెను, లేనియెడల అన్నము ఊపిరిగొట్టములోనికి పోవును. నెలకొకసారి బరువు తూచి వ్రాయుచున్నారో లేదో అడుగుడి.

మూడు: రాత్రి లెక్క అడుగుడి. పగలు పదిమంది కనబడవచ్చును. రాత్రి ఎందరికి ఎందరు? వారు మెలకువగా ఉందురా? ఆయాలు ఒక ఏడాదియైనను నిలుచుచున్నారా? వైద్యుడు ఎప్పుడెప్పుడు వచ్చును? అపాయమైనప్పుడు ఏ ఆసుపత్రికి, ఏ బండిలో తీసికొనిపోవుదురు?

నాలుగు: కట్టుట, మత్తుమందు. మానసిక చికిత్సాలయములలో మనిషిని గొలుసులతో బంధించుటను 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము నిషేధించినది. తిరుగాడువారికి కావలసినది త్రాడు కాదు, ఆవరణలో భద్రముగా నడచుటకు చోటు, జారని నేల, పట్టుకొనుటకు కమ్మీ. ప్రతి నిద్రమాత్రకును వైద్యుని చీటీ చూపుమని అడుగుడి.

అయిదు: పేరు, పని, పాట. మన పెద్దల చేతులు నారు నాటినవి, పసుపు ఒలిచినవి. ఒక చేట మినుములు ముందు పెట్టిన ఏరుకొందురు. బిడ్డల పేర్లు మరచినవారు సయితము చిన్ననాటి పాట అందుకొనుట నేను అనేక పర్యాయములు చూచితిని. దినమంతయు టీవీముందు కూర్చుండబెట్టుట సంరక్షణ కాదు.

ఆరు: కాగితము. రిజిస్ట్రేషను చూడుడి. ఫీజు, అడ్వాన్సు, మందులు, డైపర్లు, ఆసుపత్రి ఖర్చు ఎవరివో వ్రాతమూలముగా తీసికొనుడి. బంధువులు ఎప్పుడు వచ్చినను లోపలికి రానిత్తురో అడుగుడి. గుమ్మమునొద్దనే ఆపు గృహమును నమ్మకుడి.

చట్టమును గూర్చి ఒక మాట

తలిదండ్రుల, వయోవృద్ధుల పోషణ సంక్షేమ చట్టము 2007లో వచ్చినది. పోషణలేని తలిదండ్రులు ట్రిబ్యునలుకు దరఖాస్తు చేసికొనవచ్చును. బిడ్డలు నెలకు 10,000 రూపాయలవరకు ఇయ్యవలెనని అది తీర్పు చెప్పగలదు. ఇందునిమిత్తము ఆర్‌డీవోను ఆశ్రయించుడి. తెనాలి, బాపట్ల, రేపల్లె మూడు పట్టణములలోను ఆర్‌డీవో కార్యాలయములు కలవు. వృద్ధులను కావలెనని వదలిపోయినవారికి మూడు నెలలవరకు ఖైదు గాని 5,000 రూపాయలవరకు జరిమానా గాని, రెండును గాని విధింపవచ్చును. ప్రతి జిల్లాలోను 150 మంది పేద వృద్ధులుండదగిన గృహమొకటైనను ఉండవచ్చునని చట్టము తలంచినది. వృద్ధులకు అన్యాయము జరిగిన 14567 అను ఎల్డర్‌లైను నంబరుకు ఉచితముగా ఫోను చేయవచ్చును.

సంఘము చేయవలసినది

దుబాయిలో ఉన్న కుమారుడు నెలనెలా రాలేడు. అయితే సంఘము వెళ్లగలదు. రేపల్లెవారి తల్లి బాపట్లలో ఉన్నయెడల బాపట్ల సంఘస్త్రీలు వెళ్లి చూడవచ్చును. బాపట్లవారి తండ్రి తెనాలిలో ఉన్నయెడల తెనాలివారు వెళ్లవచ్చును. నెలకు ఇద్దరు చొప్పున వంతులు వేసికొని, చెప్పకుండ వెళ్లి, గోళ్లును పెదవులును చూచి, ఒక పాట పాడి, ప్రార్థించి రండి. చూచినది కుటుంబమునకు వ్రాయుడి. ఎవరో ఒకరు తప్పక వత్తురని తెలిసిన గృహము తన పనిని జాగ్రత్తగా చేయును.

ఆ సహోదరుడు తల్లిని పెంకుటింటిలోనే చేర్పించెను. మొదటి రెండు రాత్రులు తానును అక్కడనే పండుకొనెను. ఇప్పుడు ప్రతి రెండవ శనివారము రైలెక్కి వెళ్లుచున్నాడు. తల్లి అతనిని గుర్తుపట్టదు. "మంచి బాబు, ప్రతిసారి అరటిపండ్లు తెచ్చును" అని ఆయాతో చెప్పునట. "బాధగా లేదా?" అని అడిగితిని. "బాధగానే ఉన్నది అయ్యగారూ. అయితే ఎవడో ఒకడు తనకొరకు వచ్చునని మాత్రము అమ్మ మరువలేదు" అనెను.

కూటములలో మాటలాడుకొనవలసిన ప్రశ్నలు

1. సమరయుడు చేసిన మూడు పనులలో మనము దేనిని తరచుగా విడిచిపెట్టుచున్నాము?
2. మన గ్రామములో మతి తప్పిన పెద్దలు ఎందరు? వారిని వైద్యునికి చూపించితిమా?
3. మన సంఘమునుండి హోములలో చేరినవారి పేర్లు మనకు తెలియునా? చివరిసారి వారిని ఎవరు చూచివచ్చిరి?
4. ఇంటిలోనే తల్లిని చూచుకొనుచు రాత్రులు నిద్రలేక అలసిన కోడలికో కుమార్తెకో ఈ వారము మనము ఒక పూట విశ్రాంతి ఇయ్యగలమా?